ప్లేటు మార్చినంత మాత్రాన కారు వయసు మారదు

మళ్ళీ అదే మెసేజ్ వచ్చింది. "అమెరికాలో క్లాసిక్ కారు కొనేవారికి లాయర్లు చెప్పని రహస్యం" అని మొదలవుతుంది, "కార్లంటే ఇష్టమున్న అందరికీ పంపండి" అని ముగుస్తుంది. ఫోన్ కొనడానికి పది రివ్యూలు చదివే మిత్రులు కూడా దీన్ని మాత్రం చదవకుండానే పంపేస్తున్నారు.

పాతికేళ్ళు నిండిన విదేశీ బండ్లను అమెరికా భద్రతా ప్రమాణాలతో పనిలేకుండా దిగుమతి చేసుకోవచ్చన్నది అక్కడి నిబంధన. దాని చుట్టూ ఆ మెసేజ్ చెప్పేది క్లుప్తంగా ఇది. బ్రిటన్ నుంచి వచ్చిన ల్యాండ్ రోవర్ డిఫెండర్ జీపుకో పాత మినీ కారుకో పాతికేళ్ళు నిండకపోయినా ఫర్వాలేదట. అదే మోడల్‌లో పాత బండి చాసిస్ నంబర్ (VIN) ఉన్న ప్లేటు, కాగితాలు దానికి తగిలిస్తే చట్టప్రకారం అది పాత బండే అవుతుందట. ఒకసారి టైటిల్ (బండి యాజమాన్య పత్రం) వచ్చాక ఎవరూ అడగరు. తెలియక కొన్నవాడి జోలికి చట్టం రాదు. ఐదేళ్ళు దాటితే కేసు చెల్లదు. ఏం జరిగినా ఇన్సూరెన్స్ ఉంది. తేడా ఉందని తర్వాత తెలిస్తే వెంటనే వేరేవాళ్ళకు అమ్మేసుకోండి.

మొదటి మాటతో మొదలుపెడదాం. పాతికేళ్ళ లెక్క ఆ బండి తయారైన నెల నుంచి నడుస్తుంది, దాని మీద కొట్టిన రేకు నుంచి కాదు. తాత పాస్‌పోర్టు జేబులో పెట్టుకున్న మనవడికి తాత వయసు రాదు. "తుప్పు పట్టిన చాసిస్ మార్చుకోవడం మామూలే కదా" అని మెసేజ్‌లో ఓ సమర్థన కూడా ఉంది. నిజమే, ల్యాండ్ రోవర్లకు చాసిస్ మార్చడం మామూలు రిపేరే. కానీ అక్కడ బండంతా పాతది, చాసిస్ ఒక్కటే కొత్తది. ఇక్కడ బండంతా కొత్తది, నంబర్ ఒక్కటే పాతది. ఈ రెండూ ఒకటే ఎలా అవుతాయి?

పైగా ఇది ఎవరికీ కనపడదనుకోవడం అమాయకత్వం. 2005 డిఫెండర్‌కు 1985 నంబర్ పెట్టారనుకోండి. బోనెట్ ఎత్తితే టీడీ5 ఇంజన్ కనిపిస్తుంది. ఆ ఐదు సిలిండర్ల డీజిల్ ఇంజన్ వచ్చిందే 1998లో. ఇంజన్ ఒక్కటే మార్చామని అమ్మేవాడి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. మరి దానితోపాటు వచ్చిన వైరింగు, డాష్‌బోర్డు, కంప్యూటర్ కూడా మార్చారా? మినీ అయితే ఇంకా సులువు. 1996 చివర్లో రేడియేటర్ పక్క నుంచి ముందుకు వచ్చింది, స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ చేరింది. ఈ రెండూ ఉన్న బండిని "1988 మోడల్" అంటే కస్టమ్స్ అధికారి నమ్మాలా? డిఫెండర్ నంబర్ రివెట్లు కొట్టిన ప్లేటు మీదే కాదు, చాసిస్ ముందు కుడి కొన మీద కూడా గుద్ది ఉంటుంది. చుట్టూ బురద, తుప్పు ఉండి, ఆ జానెడు మేర మాత్రం గ్రైండర్ గీతల మీద కొత్త నల్లరంగు మెరుస్తుంటే కథంతా అక్కడే తెలిసిపోతుంది. ఇలాంటి ఒక డిఫెండర్‌ను 2013లో కస్టమ్స్ వాళ్ళు నుజ్జునుజ్జు చేయించి, ఆ వీడియోను వాళ్ళే బయటపెట్టారు.

టైటిల్ సంగతి. డీఎంవీ (రాష్ట్ర రవాణా శాఖ) కౌంటర్లో కూర్చున్నవాళ్ళు మీరిచ్చిన నంబర్‌కు టైటిల్ ఇస్తారు. మీ బండి దిగుమతి సక్రమమేనని వాళ్ళు సర్టిఫికెట్ ఇవ్వడం లేదు.

ఐదేళ్ళ గడువు అనేది ఉంది. కానీ కస్టమ్స్ చట్టంలో ఆ ఐదేళ్ళు తప్పు బయటపడిన నాటి నుంచి మొదలవుతాయి, బండి ఓడ దిగిన రోజు నుంచి కాదు. జప్తుకైతే, బండికి ఆ తప్పుతో సంబంధం ఉందని తెలిసిన నాటి నుంచి మరో రెండేళ్ళ లెక్క కూడా ఉంది. ఈ రెండింటిలో ఏది తర్వాత ముగిస్తే అదే గడువు. ఇన్సూరెన్సా? ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నా, ధ్వంసం చేసినా చెల్లించమని మామూలు పాలసీల్లోనే రాసి ఉంటుంది. పాలసీ కాగితం తీసి చదువుకోండి.

ఇక "తెలియక కొన్నవాడి జోలికి చట్టం రాదు" అన్న మాట. తెలియక కొన్నవాడిని జైల్లో పెట్టరు, అంతవరకు నిజం. బండి మాత్రం పోతుంది. జప్తు కేసు మనిషి మీద కాదు, వస్తువు మీద నడుస్తుంది. 2000లో వచ్చిన జప్తుల సంస్కరణ చట్టం అమాయక యజమానికి రక్షణ ఇచ్చిందన్నది నిజమే, మెసేజ్ రాసినాయన అక్కడిదాకా చదివినట్టున్నారు. ఇంకాస్త కిందికి చదివి ఉంటే, కస్టమ్స్ చట్టాల కింద చేసే జప్తులకు ఆ రక్షణ వర్తించదని అదే చట్టంలో కనిపించేది. దొంగ దిగుమతి బండ్లను పట్టుకునేది ఆ కస్టమ్స్ చట్టాల కిందే కదా! నంబర్ చెరిపినా, మార్చినా బండిని జప్తు చేసే సెక్షన్ వేరే ఉంది. దొంగిలించిన బండి అయితే అసలు యజమానిదే హక్కు, మీ బిల్ ఆఫ్ సేల్ నిలవదు. అమ్మినవాడి మీద దావా వేయొచ్చు, వాడు దొరికితే, దొరికినా వాడి దగ్గర డబ్బుంటే.

ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి. ప్రభుత్వం అన్యాయంగా మీదపడుతుందని ఆ మెసేజ్‌లో ఉన్న కోపం ఉత్తది కాదు. 2014 జులైలో హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్ళు 40 డిఫెండర్లను ఇళ్ళకు వెళ్ళి మరీ పట్టుకుపోయారు. కోర్టుకెక్కిన యజమానులకు మరుసటి ఏడాది బండ్లు వెనక్కి ఇచ్చేశారు. కాన్సస్‌లో 1959 కార్వెట్‌ను రీస్టోర్ చేసేటప్పుడు ఎవరో ప్లేటు ఊడదీసి, మళ్ళీ అదే ప్లేటు బిగించారు. ఆ పాపానికి కొన్న పెద్దాయన బండి ఏళ్ళ తరబడి పోలీసుల దగ్గరే ఉండిపోయింది. చివరికి 2022లో శాసనసభ చట్టాన్నే మార్చాల్సి వచ్చింది. ఇవి చదివితే నాకూ ఒళ్ళు మండుతుంది. కానీ ఆ కార్వెట్ నంబర్ దాని సొంత నంబరే. వేరే బండి నంబర్ తగిలించిన కేసుకు దాన్ని సాక్ష్యంగా చూపించడం కుదరదు.

నన్ను నిజంగా భయపెడుతున్నది ఆ చివరి సలహా. తేడా ఉందని తెలిశాక అమ్మేసుకోవాలా? అప్పటిదాకా మీరు మోసపోయిన మనిషి. నంబర్ మార్చారని తెలిసీ అమ్మే ఉద్దేశంతో బండిని దగ్గర పెట్టుకున్న క్షణం నుంచి మీరు నిందితులు. ఫెడరల్ చట్టంలో నంబర్ మార్చినవాడికి ఐదేళ్ళ దాకా శిక్ష ఉంటే, తెలిసి అలాంటి బండ్ల వ్యాపారం చేసేవాడికి పదేళ్ళ దాకా ఉంది. అమ్మేవాడిగా కొన్నాయనకు మీరు జవాబు చెప్పుకోవాలి కూడా. బండితోపాటు స్వేచ్ఛ కూడా పోగొట్టుకునే దారిని "చిట్కా" అని పంచుతారా? ఇది ఎవరి ఇంటికి నిప్పు పెడుతుందో పంపేముందు ఒక్క నిమిషం ఆలోచించలేరా?

ఇప్పటికే అలాంటి బండి చేతిలో ఉన్నవాళ్ళు దాన్ని అమ్మకండి, ఆ రివెట్లు ముట్టుకోకండి. అమ్మినవాడి ప్రకటన, మెసేజ్‌లు, డబ్బు పంపిన రసీదులు దాచి, కస్టమ్స్ కేసులు చూసే లాయర్ దగ్గరికి వెళ్ళండి. స్వాధీనం నోటీసు వస్తే, అది పోస్ట్ చేసిన తేదీ నుంచి పిటిషన్‌కు 30 రోజులే గడువు. ఆ కవరును బల్ల మీద పడేసి సెలవులకు వెళ్ళిపోకండి. ఇంకా కొననివాళ్ళు డబ్బు ఇవ్వకముందే దిగుమతి అప్పటి హెచ్‌ఎస్-7 ఫారం (బండి గురించి దిగుమతిదారు ఇచ్చిన డిక్లరేషన్), కస్టమ్స్ ఎంట్రీ కాగితం అడగండి. చాలా పాత బ్రిటిష్ బండ్లకు ఇంగ్లండ్‌లో గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం తయారీ తేదీతో హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తుంది. అందులోని ఇంజన్ నంబర్‌ను మీరే బోనెట్ ఎత్తి బండి మీద ఉన్నదానితో పోల్చుకోండి.

మెసేజ్ పంపినవాళ్ళకు ఒక్క విన్నపం. ఏయే గ్రూపుల్లో పెట్టారో అక్కడే ఆ చివరి సలహా తప్పని రాయండి. దాన్ని నమ్మి ఈపాటికే ఎవరైనా బండిని అమ్మకానికి పెట్టి ఉండొచ్చు.