తొక్కనివాడి మాటే ప్రమాణం

సైకిల్ మీద అభిప్రాయం చెప్పే అర్హత కొన్నవాడికుందా, తొక్కేవాడికుందా? ఇద్దరూ ఒకరేనని నమ్మే అమాయకులు మన మధ్య ఇంకా ఉన్నారు. వాళ్ల మేలు కోరి ఈ విషయాన్ని ఇవాళ తేల్చేయాలని కూర్చున్నాను.

నా అర్హతలు ముందే చెప్పుకుంటాను. 2025 ఆగస్టులో 15 వేలు పెట్టి ఒక హైబ్రిడ్ సైకిల్ కొన్నాను. సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది సెప్టెంబర్ 22న. నేనెంత ముందుచూపున్న మనిషినో దీన్నిబట్టే మీకు అర్థమై ఉంటుంది. ఇల్లు కూకట్‌పల్లిలో, ఆఫీసు హైటెక్ సిటీలో. మధ్యలో ఏడెనిమిది కిలోమీటర్లు. సాయంత్రం పూట ఆ దూరం కారులో దాటేలోపు ఫోన్‌లో ఒక సినిమా ఇంటర్వెల్ దాకా వచ్చేస్తుంది.

కొనేముందు యజమానుల అభిప్రాయాలు సేకరించాను. ఎక్కడికో వెళ్లనక్కర్లేదు, మా సెల్లార్‌లోనే ఆరు హైబ్రిడ్లున్నాయి. ఒకదాని మీద దుప్పటి కప్పి ఉంటుంది. ఒకదాని హ్యాండిల్‌కి ఎవరివో గొడుగులు వేలాడుతుంటాయి. ఇంకోదాని సీటు మీద పిల్లి కాపురం. ఆరుగురు యజమానులూ ముక్తకంఠంతో చెప్పారు, అద్భుతమైన సైకిలని. దుప్పటి సైకిల్ ఫ్లాట్ నంబర్ 304 ఆయనదైతే మరీను. 21 గేర్లలో ఏది ఎప్పుడు వేయాలో, ముందు ఫోర్కుకి సస్పెన్షన్ ఉంటే బరువెందుకు పెరుగుతుందో, 35 మిల్లీమీటర్ల టైరే మన రోడ్లకు ఎందుకు సరిపోతుందో లిఫ్ట్ దగ్గర నిలబెట్టి ముప్పావు గంట చెప్పారు. "ఎన్ని కిలోమీటర్లు తిరిగి ఉంటారండీ?" అన్నాను. "అది వేరే విషయం" అన్నారు.

నిజమే, వేరే విషయమే. ఆ రోజు నాకు తెలియలేదు కానీ, తొక్కడం మొదలుపెట్టాక తెలిసింది. తొక్కేవాడికి పిర్రలు నొప్పి పెడతాయి. నొప్పి ఉన్నవాడు నిష్పక్షపాతంగా ఎలా మాట్లాడతాడు? సొంత బంధువు కేసుని జడ్జి వినకూడదంటారు కదా, ఇదీ అంతే. 304 ఆయనకి ఆ సైకిల్‌తో ఏ సంబంధమూ లేదు. అందుకే ఆయన తీర్పులో మచ్చుకైనా పక్షపాతం ఉండదు.

మా అమ్మ దగ్గర మాత్రం ఈ వాదన నడవలేదు. ఫోన్‌లో "హైబ్రిడ్ సైకిల్ కొన్నానమ్మా" అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాటుది దొరకలేదా నాయనా?" అంది. ఆవిడ దృష్టిలో హైబ్రిడ్ అంటే పైకి నిగనిగ, కూరలో వేస్తే రుచి ఉండని టమాటా. రోడ్డు సైకిల్ చక్రాలు, కొండలెక్కే సైకిల్‌కుండే నిటారు హ్యాండిల్, రెండూ కలిపిన సంకరమని వివరించాను. "మరి స్టాండ్ ఉందా?" లేదు, విడిగా కొనాలి. "మడ్‌గార్డ్?" విడిగా. "క్యారియర్? బెల్లు?" విడిగా. "మీ నాన్న సైకిల్‌కి అన్నీ వాడే ఇచ్చాడు, చైన్‌కి కవరు కూడా" అంది. తాళం, లైటు, హెల్మెట్, సీటు మీద వేసుకునే మెత్త కూడా కలుపుకుంటే అందుబాటు ధర ఇంకో నాలుగు వేలు దాటి అందుబాటులోకి వచ్చింది. ఆవిడకి ఆ లెక్క చెప్పలేదు.

ఇక ఆఫీసు. మొదటిరోజు గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు.

"బండి నంబర్ సార్?"

"సైకిల్ కదా, నంబర్ ఉండదు."

"నంబర్ లేకపోతే సిస్టమ్ తీసుకోదు సార్. టీఎస్సా, టీజీనా? ఏపీ అయినా పర్లేదు."

సైకిల్‌కి రిజిస్ట్రేషన్ ఉండదని, లైసెన్సూ అక్కర్లేదని, మోటార్ వాహనాల చట్టంలో మోటార్ అన్న మాటకు అర్థముందని నిదానంగా చెప్పాను. వెనకాల ఎనిమిది కార్లు హారన్ కొడుతూ నా వాదనను బలపరిచాయి. చివరికి ఇద్దరం రాజీపడ్డాం. ప్రతి సైకిల్‌కీ ఫ్రేమ్ మీద ఒక నంబర్ చెక్కి ఉంటుంది. పెడళ్ల ఇరుసు కింద, అంటే ఎవరూ చూడని చోట. అందుకని ర్యాంపు మీదే సైకిల్‌ని తలకిందులు చేసి, నేను మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో అంకె చదువుతుంటే అతను శ్రద్ధగా ఎక్కించుకున్నాడు. "ఇంజన్ ఎన్ని సీసీ సార్?" అన్నాడు. నన్ను చూపించాను. ఎగాదిగా చూసి సున్నా వేసుకున్నాడు. నెల తిరక్కుండా అడ్మిన్ వాళ్ల దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది, మీ వాహనం పొల్యూషన్ సర్టిఫికెట్ ఇంకా జతచేయలేదని.

లోపల మిత్రులు మాత్రం ఎంతో ఆప్యాయంగా పలకరించారు. "కారు సర్వీసింగ్‌కి ఇచ్చావా?" "షుగరా, బీపీనా?" ఒకాయన పక్కకు తీసుకెళ్లి, "ఏదైనా టెన్షన్ ఉంటే చెప్పు, ఈఎంఐ ఒకటి రెండు నెలలు నేను చూస్తా" అన్నాడు. 15 వేలకి మనుషుల మనసులు ఇంత లోతుగా చూపించే వస్తువు ఇంకోటి లేదు.

రంగు విషయంలో కూడా ఒక మాట. నాది పసుపు, తగ్గింపులో అదొక్కటే మిగిలింది. సంక్రాంతికి దాన్ని కారు వెనక కట్టుకుని గుంటూరు జిల్లాలో మా ఊరు తీసుకెళ్లాను. పసుపు రంగు, పైగా సైకిల్. ఒక టీ కొట్టాయన నా దగ్గర డబ్బులు తీసుకోవడం మానేశాడు. ఎదురు కొట్టాయన టీ ఇవ్వడం మానేశాడు. సైకిల్ ఎలా నడుస్తుందని ఊళ్లో ఒక్కరూ అడగలేదు, మన సీటు ఎవరికిస్తారని మాత్రం అడిగారు.

"మరి నగరంలో మంచి ట్రాకే ఉందిగా" అంటారేమో. ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్లు, నెత్తిన సోలార్ పలకల నీడ, 2023 అక్టోబర్ 1న మొదలైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకోటి. ఎండ తగలదు, వాన తడపదు. లోపమల్లా ఒక్కటే, నా ఇల్లూ ఆఫీసూ దాని మీద లేవు. అందుకే ఆదివారం పొద్దున్నే సైకిల్‌ని కారెక్కించి, అక్కడ దింపి, తొక్కి, మళ్లీ కారెక్కించి తెచ్చుకుంటాను. ఆ ఒక్కపూట మాత్రం 304 ఆయనంత నిర్మలమైన అభిప్రాయం నాకూ కలుగుతుంది.

వానాకాలంలో ఒకరోజు రైల్వే అండర్‌బ్రిడ్జి దాటగానే వెనక చక్రం పంక్చరైంది. నీళ్ల బేసిన్‌లో ముంచి చూస్తే ట్యూబ్ మూడుచోట్ల బుడగలు. సైకిల్ షోరూమ్‌కి ఫోన్ చేస్తే ఆ సైజు ట్యూబ్ తెప్పించడానికి వారం అన్నారు. బేసిన్ ముందు కూర్చున్న పంక్చర్ పెద్దాయన చక్రాన్ని ఓసారి తిప్పి, "28 ట్యూబ్ పడుద్ది సార్" అన్నాడు. 28 అంటే పాలవాళ్లు తొక్కే నల్ల సైకిల్ సైజు. పడదన్నాను. నా రిమ్ 622 మిల్లీమీటర్లు, దానిది 635, పదమూడు తేడా అని లెక్క చెప్పాను. ఆయన వింటూనే ట్యూబ్ ఎక్కించేశాడు. "రబ్బరుకి లెక్కలేం తెలుసు సార్, సాగుద్ది" అని 120 తీసుకున్నాడు. ఇప్పటికి నాలుగు నెలలైంది, గాలి దిగలేదు.

అమ్మకి చెప్పాను, లోపల నాటు ట్యూబ్ వేయించానని. "ఇప్పుడు బాగుండి ఉంటుందిలే" అంది.

304 ఆయనకీ చెప్పాను. లిఫ్ట్ తలుపు చేత్తో ఆపి మరీ, "తప్పు చేశారండీ, రిమ్ దెబ్బతింటుంది. చూస్తూ ఉండండి" అన్నారు. వెనకాల దుప్పటి కింద ఆయన సైకిల్ రెండు టైర్లూ నేలకి అంటుకుని ఉన్నాయి. ఎదురు చెప్పలేకపోయాను. ఆయన అభిప్రాయానికి ఇంతవరకూ ఒక్క పంక్చరూ పడలేదు.