దుప్పట్లొద్దు సామీ, మా దగ్గర కూరగాయలు కొనండి

మొన్న చలికాలంలో మా వీధి చివరున్న పెద్ద హోటల్ వాళ్లు పేదలకు దుప్పట్లు పంచారు. షామియానా వేశారు, ఫ్లెక్సీ కట్టారు, ఆ ఫ్లెక్సీలో ఓనరు ఫొటో వెంకన్న ఫొటో కంటే పెద్దది. దుప్పట్లు ఓ నలభై ఉంటాయి, ఫొటోలు మాత్రం నాలుగొందలు తీసుకుని ఉంటారు. నా పక్కన నిలబడి చూస్తున్న పూలమ్మే అక్క ఒక మాటనింది. "ఈ దుప్పటి నేనేం చేసుకునేది నాయనా, పొద్దున పూట గేటు పక్కన బుట్ట పెట్టుకోనిస్తే చాలు కదా, తరమకుండా." ఆమెను రోజూ తరిమేది ఆ హోటల్ సెక్యూరిటీనే. దుప్పటి చేతిలో పెట్టింది కూడా అతనే, ఫొటోలో తెల్ల గ్లౌజులు వేసుకుని నవ్వుతున్నాడు. పాపం, అతన్ని అని లాభం లేదు, చెప్పింది చేస్తాడు.

అప్పట్నుంచీ ఇది రాయాలని ఉంది. తిరుపతిలో హోటల్ పెట్టినవాళ్లకు కస్టమర్ కోసం తిప్పలు పడే పని పెద్దగా ఉండదు. గిరాకీని ఏడుకొండలవాడే పంపిస్తాడు. ఎండాకాలం సెలవులు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వరసగా మూడు రోజులు సెలవొస్తే చాలు, మామూలు రోజు వెయ్యి రూపాయల గది మూడు వేలవుతుంది. సరే, వ్యాపారం, తప్పనను. కానీ ఆ జనం నడిచే రోడ్డు, తాగే నీళ్లు, పారబోసే చెత్త అన్నీ ఊరివే కదా. మరి ఊరికి ఏం మిగులుతోంది?

వెంటనే ఎవరో ఒకరు కంపెనీల సామాజిక బాధ్యత, అదే సీఎస్‌ఆర్ అంటారు. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 ప్రకారం ఏడాదికి 5 కోట్ల నికర లాభమో, 1000 కోట్ల టర్నోవరో, 500 కోట్ల నికర విలువో ఉన్న కంపెనీ సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. మన బస్టాండు చుట్టూ, రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న లాడ్జీల్లో ఎన్ని ఆ లెక్కలోకి వస్తాయి చెప్పండి? వచ్చినా ఆ రెండు శాతం గురించి నాకు పెద్ద ఆశేమీ లేదు. నేనడిగేది రోజూ కూరగాయలకి, పాలకి, జీతాలకి, గోడ మీద పటాలకి పెట్టే ఖర్చు ఎవరి చేతికి పోతోందని.

తిండి నుంచే మొదలుపెడదాం, నాకు బాగా కాలేది అక్కడే. మెనూ తెరిస్తే పనీర్ బటర్ మసాలా, గోబీ మంచూరియా, వెజ్ ఫ్రైడ్ రైస్. రాగిసంగటి ఉండదు, ఉన్నా "రాయలసీమ స్పెషల్" అని పేరు పెట్టి ముద్దకి నూట ఎనభై వేస్తారు. డిసెంబరు, జనవరిలో మన చిత్తూరు పల్లెల్లో అనపకాయలు (సొరకాయ కాదు, చిక్కుడు జాతి కాయ) దిగుతాయి. ఇంటిల్లిపాదీ అరుగు మీద కూర్చుని గింజలు ఒలిచి, నానబెట్టి, ఒక్కొక్కటీ వేళ్ల మధ్య పితికి పొట్టు తీసి పితికిపప్పు చేస్తారు. శేరు పప్పు పితికేసరికి బొటనవేలు గోరు మండిపోతుంది. ఊళ్లో ఆడవాళ్లు ఆ పప్పు పితికి ఇస్తే కొనుక్కునే హోటల్ ఒక్కటి నాకు కనబడలేదు. ఆ రెండు నెలలు నలుగురైదుగురు ఆడవాళ్లకు ఇంటి దగ్గరే పని దొరికేది కదా, పైగా ఢిల్లీ నుంచి వచ్చిన యాత్రికుడికి పనీర్ వాళ్ల ఊర్లోనూ దొరుకుతుంది.

మామిడి సంగతి ఇంకా ఘోరం. 2025 వేసవిలో తోతాపురి ధర కుప్పకూలినప్పుడు గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి నిలబడ్డాయి. చివరికి ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అని తేల్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా బంధువుల పెళ్లికి ఒక హోటల్‌కి పోతే, ట్రేలో వెల్‌కమ్ డ్రింక్ అని ఆరెంజ్ పొడి కలిపిన చక్కెర నీళ్లు ఇచ్చారు. బయట కిలో మామిడికాయ టీ కంటే చవక! గ్లాసు చేతిలో పట్టుకుని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అదే పెళ్లిలో మధ్యాహ్నం రెండింటికి వెనకవైపు పోయి చూశాను. నీలం డ్రమ్ముల్లోకి అన్నం, సాంబారు, పూరీలు గరిటెలతో తోసేస్తున్నారు, వేడి కూడా తగ్గలేదు. 1985లో కొండమీద రోజుకు రెండు వేల మందితో నిత్యాన్నదానం మొదలైన ఊరండీ ఇది! రుయా ఆసుపత్రి బయట రోగుల బంధువులు చాపలేసుకుని పడుకుంటారు, పది నిమిషాల దూరం. అడిగితే మేనేజర్ గారు "ఎవరికైనా వాంతులైతే కేసు మా మీద పడుతుంది" అన్నారు. ఆయన భయం అర్థమైంది. కానీ మిగులు ఆహారం ఎలా తీయాలి, ఎలా పంచాలి అని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019లోనే నిబంధనలు తెచ్చింది. అవి చదివి, మూత ఉన్న డబ్బాలు నాలుగు, ఒక ఆటో పెట్టుకుంటే అయిపోయే పని.

ఇక పనివాళ్లు. మా నాయన ఇరవై రెండేళ్లు ఒక లాడ్జీలో రూమ్ బాయ్. యాభై ఏళ్లు దాటినా బాయే. బెల్లు కొడితే మూడో అంతస్తుకి బకెట్ మోసుకుని ఎక్కేవాడు, లిఫ్టు గెస్టులకి మాత్రమే. పదిమంది పనిచేసే చోట ఈఎస్‌ఐ, ఇరవై మంది ఉంటే పీఎఫ్ ఉండాలని నాకు డిగ్రీలో ఉండగా తెలిసింది. అక్కడ ముప్పై మంది పైగానే ఉండేవాళ్లు, రిజిస్టర్‌లో మాత్రం తొమ్మిది మంది. మోకాళ్లు అరిగి మానేసిన రోజు ఓనరు శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చి, "ఏం కావాలన్నా రా రంగడా" అన్నాడంట. మా నాయన పేరు రంగడు కాదు. అంతకు ముందు పనిచేసినాయన పేరది.

కాళహస్తి మనకు గంట దూరం కూడా లేదు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద, ఇనుపముక్కలు బెల్లం నీళ్లలో ఊరబెట్టిన నల్లరంగుతో, వెదురు కలంతో గీసే కలంకారీ పని అక్కడ. మన హోటల్ లాబీల్లో ఏముంటుంది? ప్లాస్టిక్ బుద్ధుడు, ఈఫిల్ టవర్ పోస్టరు. యాభై గదుల హోటల్ గదికొక కలంకారీ గుడ్డ కొంటే ఒక కుటుంబం కొన్నాళ్లు నెమ్మదిగా బతుకుతుంది.

నీళ్ల గురించి తక్కువే చెప్తా, చెప్తే బీపీ. ఎదురు హోటల్ లోతుగా బోరు దించిన వేసవి నుంచి మా వీధి చేతిపంపు గాలి కొడుతోంది, అంతే.

అందరూ ఇలాగే అనను. 2021 నవంబరు వానలకు సగం ఊరు నీళ్లలో ఉన్నప్పుడు మా పక్క వీధిలో ఒక చిన్న మెస్ ఆయన మూడు రోజులు గ్యాస్ పొయ్యిని బల్లల మీదకెక్కించి ఉప్మా వండి మేడల మీద ఉన్నవాళ్లకి బకెట్లతో అందించాడు. అదే రోజుల్లో ఒక పెద్ద హోటల్ గేటుకి ఇసుక బస్తాలు పేర్చి గది అద్దె పెంచింది. మెస్ ఆయనకి ఇప్పటికీ మా వీధిలో అప్పు ఎగ్గొట్టేవాడు లేడు.

ఇంకో మాట. కొండమీద కూడా స్థానికులకి నెలలో మొదటి మంగళవారం దర్శనం కోటా ఉంది, 2024 డిసెంబరు నుంచి మళ్లీ ఇస్తున్నారు. అంత రద్దీలో స్వామే మనకోసం కాస్త చోటు చేశాడు. మీరు ఆ పూలక్క బుట్టకి రెండడుగుల చోటివ్వలేరా సామీ?

సంక్రాంతి ముందు ఏ హోటల్లో అయినా పితికిపప్పు పెడుతున్నారని తెలిస్తే కింద రాయండి. మొదటి టోకెన్ నాదే, మా నాయన్ని కూడా తీసుకొస్తా. లిఫ్టులోనే.