లక్షకే ఇంజన్ దించాలా? ఒక ఫార్వర్డు మెసేజికి జవాబు

పొదిలిలో ఉండే మా బావమరిది ఈమధ్య ఒక వాట్సాప్ మెసేజి పంపి, దాని కింద "బావా, అల్లుడి బండి సంగతి ఒకసారి ఆలోచించు" అని రాశాడు. నెల్లూరులో ఉద్యోగం చేసే మా అల్లుడు దసరాకు టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న పెట్రోలు ఎస్‌యూవీ ఒకటి కొన్నాడు. అదే మెసేజిని ఆ వారంలోనే ఒంగోలు నుంచి ఇద్దరు, కావలి నుంచి ఒకరు కూడా నాకు పంపారు. ఆర్టీసీ గ్యారేజీలో పాతికేళ్లు ఇంజన్ల మధ్య గడిపి రిటైరైనవాణ్ణి కాబట్టి నన్ను అడగడం సహజమే. ఒక్కొక్కరికి ఫోనులో చెప్పే బదులు అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఆ మెసేజి చెప్పేదేమిటంటే, పాత క్వాలిస్‌లూ సుమోలూ ఐదేసి లక్షల కిలోమీటర్లు తిరిగాయి గానీ 2020 తర్వాత బీఎస్-6 అనే కొత్త కాలుష్య నియమాల కింద వచ్చిన ఎస్‌యూవీలకు లక్ష దాటగానే ఇంజన్ దించి, విప్పి బాగుచేయించక తప్పదట. మూడు సిలిండర్ల టర్బో ఇంజన్ శక్తికి మించి పనిచేసి ముందే అరిగిపోతుందట. డీజిల్ బండి కొంటే పొగగొట్టంలోని ఫిల్టరు రెండేళ్లకు మూసుకుపోతుందట, పదేళ్లకు బండి మొత్తం తుక్కుకు పోతుందట. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు ఇంజన్‌ను లోపలి నుంచి తినేస్తుందట. ఇక్కడి వరకు భయపెట్టి, ఎలాగూ కొనేసినవారి కోసమంటూ చివర్లో నాలుగు సలహాలు ఇచ్చారు. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ ద్రవం చలిదేశాల సరుకు కాబట్టి మనకు నీళ్లు చాలునని, మొదటి వెయ్యి కిలోమీటర్లు 40 వేగం దాటకూడదని, రోజూ ఉదయం పది నిమిషాలు ఇంజన్‌ను నిలబెట్టి తిప్పాలని, భద్రతా పరీక్షలో ఐదు స్టార్లు వచ్చిన బండి అయి ఆరు నెలలు గొడవ లేకుండా నడిస్తే ఇక పదేళ్లు దిగులే ఉండదని ఆ సలహాల సారం. ఈ చివరి మాటకు రుజువుగా అమెరికాలో జరిగిన ఒక సర్వే పట్టికను జతచేశారు.

మొదటి వాదంలో కొంత నిజం ఉంది. మన దేశంలో 2000 నుంచి 2005 దాకా అమ్మిన క్వాలిస్‌లో 2.4 లీటర్ల డీజిల్ ఇంజన్ ఉండేది. దానికి టర్బో లేదు, అది ఇచ్చే శక్తి 75 హార్స్‌పవర్ మాత్రమే. అంత పెద్ద ఇంజన్ చేత అంత తక్కువ పని చేయిస్తే అది ఎక్కువ కాలం నిలవడంలో వింత లేదు. అయితే ఇవాళ రోడ్డు మీద కనిపించే క్వాలిస్‌లు బతికి బట్టకట్టినవి మాత్రమే, పోయినవి ఏనాడో పాత ఇనుము లెక్కలో కలిసిపోయాయి. మిగిలినవాటిని చూసి మొత్తం తరానికి మార్కులు వేయడం సరికాదు. పైగా ఐదు లక్షలు తిరిగిన పాత జీపు అంటే, మధ్యలో ఒకటి రెండుసార్లు అరిగిన సిలిండర్లకు బోరు కొట్టించి, పిస్టన్లూ రింగులూ బేరింగులూ మార్పించుకున్న జీపు అని ఆ రోజుల్లో అందరికీ తెలుసు. ఊరికో లేత్ షాపు ఉండేది, నాలుగు రోజుల్లో పని అయిపోయేది, ఖర్చు భరించగలిగినంతే ఉండేది. అందువల్ల దాన్ని ఎవరూ బండి చెడిపోవడంగా లెక్కవేయలేదు. ఆ బళ్లకు ఉన్నది సులువుగా బాగుచేసుకునే వీలు. ఆ వీలును మనం మన్నిక అని గుర్తుపెట్టుకున్నాము. ఇప్పటి బండి అంత తరచుగా చెడిపోదు గానీ, చెడితే స్కానర్ ఉన్న షెడ్డు కావాలి, విడిభాగం పట్టణం నుంచి రావాలి, బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది. మెసేజి రాసినవారు ఈ బాధనే చెప్పివుంటే నేనూ ఒప్పుకునేవాణ్ణి.

బీఎస్-6 అనగానే ఇంజన్ నాజూకైపోయిందని అనుకునేవారు ఇంధనం వైపు కూడా చూడాలి. బీఎస్-3 కాలంలో డీజిల్‌లో పది లక్షల పాళ్లకు 350 పాళ్ల గంధకం ఉండవచ్చు, బీఎస్-4లో అది 50కి, బీఎస్-6లో 10కి దిగింది. గంధకం కాలితే ఆమ్లం తయారై ఇంజన్ ఆయిల్‌లో కలిసి లోహాన్ని తింటుంది కాబట్టి, ఈ తగ్గుదల ఇంజన్ ఆయుష్షుకు మేలు చేసేదే. నాజూకుతనం ఉన్నది మరోచోట. నేటి డీజిల్ ఇంజన్లలో ఇంధనం 1,600 బార్ల (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 1,600 రెట్లు) ఒత్తిడికీ, కొన్నింటిలో అంతకు మించిన ఒత్తిడికీ గురై, ఇంజెక్టర్ మొనలోని చాలా సన్నని రంధ్రాల గుండా చిమ్ముతుంది. అక్కడికి నీటిచుక్క చేరినా, నలుసు చేరినా ఇంజెక్టర్ పాడవుతుంది. మన తీరంలో రొయ్యల చెరువుల గట్ల మీద జనరేటర్ కోసం డ్రమ్ముల్లో డీజిల్ నిల్వ ఉంచి, అవసరం పడితే అదే డీజిల్‌ను ట్యూబుతో బండిలోకి వంచడం చాలామందికి అలవాటు. ఉప్పుగాలిలో సగం ఖాళీగా ఉన్న డ్రమ్ము లోపల రాత్రి చెమ్మ పట్టి, నీరు అడుగుకు చేరుతుంది. పాత పంపు దాన్ని సహించేది, కొత్తది సహించదు.

లక్షకే ఇంజన్ అరిగిన బళ్లు అసలు లేవా అంటే, ఉన్నాయి. చీమకుర్తి క్వారీల వైపు రోజూ తిరిగే మా బంధువొకరి బండి పొగ వేస్తుంటే ఎయిర్ ఫిల్టరు బయటికి తీసి పాత దినపత్రిక మీద తట్టాను. బూడిదరంగు రాతిపొడి గుప్పెడు రాలింది. కాగితపు మడతల మధ్య ఒకచోట బియ్యపుగింజంత చిరుగు ఉంది, ప్రతిసారీ ఎయిర్ గొట్టం దగ్గరగా పెట్టి ఊదించడం వల్ల వచ్చిన చిరుగది. ఆ సందులోంచి లోపలికి పోయిన గ్రానైట్ పొడి సిలిండర్ గోడలను సానపట్టింది. దానికి బీఎస్-6 ఏం చేస్తుంది? దుమ్ములో తిరిగే బండికి ఫిల్టరును మామూలు గడువు కంటే చాలా ముందే మార్చాలని బండితో ఇచ్చిన పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా డ్యాష్‌బోర్డు అరలో ఉంది.

టర్బో విషయానికి వస్తే, అది కొత్తగా దిగిన వింత కాదు. డీజిల్ బస్సులకూ లారీలకూ ఏళ్ల తరబడి ఉన్నదే. మూడు సిలిండర్ల ఇంజన్‌కు కాస్త వణుకు ఎక్కువ, అది కూర్చున్నవారికి ఇబ్బందే గానీ ఇంజన్ ఆయుష్షును తగ్గించేది కాదు. చిన్న టర్బో ఇంజన్‌ను ఎక్కువ ఒత్తిడికి తగ్గట్టుగానే పిస్టన్లూ రాడ్లూ వేసి కడతారు. కానీ ఆయిల్ విషయంలో అది ఏమాత్రం క్షమించదని మాత్రం ఒప్పుకోవాలి. టర్బోలోని ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది, దాన్ని మోసేది సన్నని ఆయిల్ పొర ఒక్కటే. పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిల్ కాకుండా షెడ్డులో ఉన్నదేదో పోయించినా, పదివేల కిలోమీటర్లకు మార్చవలసినదాన్ని పదిహేను వేలకు లాగినా మొదట దెబ్బతినేది ఆ ఇరుసే. మా అల్లుడికి నేను చెప్పింది ఇంకొకటి కూడా ఉంది. నెల్లూరు నుంచి ఒంగోలుకు దాదాపు 120 కిలోమీటర్లు హైవే మీద వేగంగా వస్తూ దారిలో టీ కోసం ఆపినప్పుడు, ఆపీ ఆపగానే తాళం తిప్పేయకుండా ఒక నిమిషం ఇంజన్‌ను ఊరికే తిరగనివ్వాలి. లేకపోతే కాగిపోయిన టర్బోలో నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గు కడుతుంది. "మామయ్యా, నిమిషమే కదా, పిల్లలు చెప్పులు వెతుక్కునేసరికి అయిపోతుంది" అన్నాడు.

డీజిల్ ఫిల్టరు, అంటే డీపీఎఫ్, మూసుకుపోవడం అబద్ధం కాదు, అందరికీ జరుగుతుందనడమే అబద్ధం. అది పొగలోని మసిని పట్టి ఉంచి, దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టినప్పుడు కాల్చేసుకుంటుంది. ఆ వేడి పుట్టాలంటే బండి ఇరవై నిమిషాలపాటు ఆగకుండా ఒక మోస్తరు వేగంతో నడవాలి. ఒంగోలులో ఇంటి నుంచి బడికీ, బడి నుంచి కూరగాయల మార్కెట్‌కూ మూడేసి కిలోమీటర్లు తిరిగే కుటుంబం డీజిల్ బండి కొంటే రెండేళ్లు కూడా పట్టదు, డ్యాష్‌బోర్డు మీద ఫిల్టరు మూసుకుపోయిందన్న దీపం వెలుగుతుంది. వారానికి రెండుసార్లు హైవే ఎక్కేవారికి ఆ బాధ ఉండదు. కాబట్టి కొనేముందు తేల్చుకోవలసినది మన తిరుగుడు ఎలాంటిదన్న సంగతి. పదేళ్లకు తుక్కు అన్నది ఢిల్లీ పరిసర ప్రాంతాల్లో పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఇచ్చిన ఆదేశం నుంచి వచ్చిన మాట, 2018లో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని సమర్థించింది. మన దగ్గర సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. ఢిల్లీ గొడవను తెచ్చి పొదిలిలో పంచవలసిన పని లేదు.

ఇథనాల్ గురించి రెండు ముక్కలు చాలు. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బళ్లలో గొట్టాలూ సీళ్లూ 20 శాతం ఇథనాల్‌ను తట్టుకునేవే వేస్తున్నారు కాబట్టి కొత్త బండి యజమాని ఆ భయం పెట్టుకోనక్కర లేదు. మైలేజీ కొంత తగ్గడం మాత్రం నిజం. పాత తరహాలో 10 శాతానికి సరిచేసిన కార్లకు ఆరేడు శాతం, 20 శాతానికి సరిచేసినవాటికి ఒకటి రెండు శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది. అది జేబుకు పడే చిల్లే గానీ ఇంజన్‌కు పడే చిల్లు కాదు.

మెసేజి మొత్తంలో నన్ను నిజంగా కలవరపెట్టింది కూలెంట్ గురించిన సలహా, ఎందుకంటే దాన్ని నమ్మి రేపే అమలు చేయగలిగినవారు మన జిల్లాల్లోనే ఎక్కువ. కూలెంట్ నీటిని గడ్డకట్టకుండా ఆపుతుందన్నది నిజమే, కానీ మనకు దానితో పని ఆ కారణంగా కాదు. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే మరుగు ఉష్ణోగ్రత నీటి కంటే ఏడెనిమిది డిగ్రీలు పెరుగుతుంది, రేడియేటర్ మూత ఒత్తిడితో అది ఇంకా పైకి పోతుంది. మేనెలలో ఏసీ వేసుకొని ఐదుగురితో వెలిగొండ ఘాట్ ఎక్కే బండికి ఆ కొద్ది డిగ్రీలే ఆసరా. అంతకంటే ముఖ్యమైనది, తుప్పు పట్టకుండా అందులో కలిపే రసాయనాలు. ఇప్పటి ఇంజన్లలో ఎక్కువ భాగం అల్యూమినియం, ఉత్త నీరు దాన్ని కొరికేస్తుంది.

ఇక మన నీళ్లంటే ఏ నీళ్లు? కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు బోరు నీళ్లు ఎలాంటివో స్నానాల నీళ్లు కాచే కాగును అడిగితే చెబుతుంది. అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది, గరిటెతో గోకినా రాదు. ఆ వైపు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి అందరూ మాట్లాడతారు గానీ, ఈ పెచ్చుకు కారణం కాల్షియం, మెగ్నీషియం లవణాలు. రేడియేటర్‌లోని సన్నటి గొట్టాల్లోనూ కాగులో జరిగేదే జరుగుతుంది. ఇది నాకు స్వయంగా తగిలిన దెబ్బ. పన్నెండేళ్ల కిందట నేను కొన్న సెకండ్‌హ్యాండ్ బండికి ఒక షెడ్డులో కూలెంట్ కారితే, వాళ్లు బక్కెట్టుతో బోరు నీళ్లు పోసి పంపారు. నేనూ తర్వాత చూసుకుందాంలే అనుకున్నాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. రెండో వేసవిలో కావలి దాటగానే ఇంజన్ వేడిని చూపే ముల్లు ఎర్రగీతను తాకింది. చల్లారాక మూత తీస్తే లోపల సున్నం వేసిన గోడలాగా ఉంది. రేడియేటర్ ఒక్కటే కాదు, సిలిండర్ల మీది హెడ్డు కూడా వంగింది. హెడ్డు ఫేసింగుకూ గ్యాస్కెట్‌కూ అయిన ఖర్చుతో పదేళ్లకు సరిపడా కూలెంట్ కొనవచ్చు.

40 దాటవద్దన్న సలహా పాత కాలపు మాట. మొదటి వెయ్యి కిలోమీటర్లూ పూర్తిగా తొక్కకుండా, ఒకే వేగం మీద గంటల తరబడి పోకుండా, పెద్ద గేరులో మూలిగించకుండా నడిపితే రింగులు గోడలకు సరిగ్గా కుదురుకుంటాయి. ఉదయం పది నిమిషాలు నిలబెట్టి తిప్పడం వల్ల ఆయిల్‌లో ఇంధనం కలుస్తుంది, డీజిల్ అయితే ఫిల్టరులో మసి చేరుతుంది, మరే ప్రయోజనమూ లేదు.

చివరగా ఆ పట్టిక. అది జె.డి. పవర్ సంస్థ అమెరికాలో చేసే తొలి నాణ్యత సర్వేది, బండి కొన్న మొదటి 90 రోజుల్లో యజమానులు చెప్పిన ఫిర్యాదులను లెక్కిస్తుంది. మన్నిక గురించి అదే సంస్థ మూడేళ్ల వయసున్న బళ్ల మీద చేసే సర్వే వేరే ఉంది. మూడు నెలల లెక్క చూపి పదేళ్ల జోస్యం చెప్పడం, అన్నప్రాసన నాడు పిల్లవాడు పట్టుకున్న వస్తువును బట్టి ఉద్యోగం తేల్చినట్టే ఉంది. పైగా ఆ లెక్కలో ఫోను బ్లూటూత్‌కు కలవకపోవడం ఒక ఫిర్యాదు, గేర్‌బాక్సు మొరాయించడం కూడా ఒక ఫిర్యాదే. స్టార్ల సంగతి అందరికీ తెలిసినదే, 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ అనే భద్రతా పరీక్ష గానీ దానికి ముందున్న గ్లోబల్ ఎన్‌క్యాప్ గానీ గుద్దుకున్నప్పుడు లోపలివారు ఎంత భద్రంగా ఉంటారో కొలుస్తుంది, బండి ఎన్నేళ్లు నడుస్తుందో కొలవదు.

మన తీరంలో బండిని తినేసే ఉప్పు గురించి ఆ మెసేజిలో ఒక్క ముక్క లేదు. కొత్తపట్నంలోనో మైపాడులోనో తడి ఇసుక మీదికి ఎస్‌యూవీ దించి ఫొటోలు తీసుకున్న కుటుంబం, ఇంటికి వచ్చాక పైనంతా షాంపూతో కడుగుతుంది గానీ కింది భాగానికి మంచినీళ్లు కొట్టించదు. వరద గురించీ లేదు. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర హైవేనే కోసుకుపోయిన జిల్లా మనది. నీళ్లలో ఆగిన ఇంజన్‌ను మళ్లీ స్టార్ట్ చేస్తే సిలిండర్‌లో చేరిన నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. మామూలు బీమా ఆ నష్టాన్ని సాధారణంగా ఇవ్వదు, ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు విడిగా తీసుకోవాలి.

ఇదంతా మా బావమరిదికి ముందుగా ఫోనులో చెప్పాను. అల్లుడి బండి ప్రస్తావన మళ్లీ రాలేదు. కాసేపు ఊరుకొని, "బావా, పోయిన వేసవిలో నా బండిలో మా బోరు నీళ్లే పోయించాను" అన్నాడు. ఆదివారం పొద్దున్నే వస్తానని, నేను వచ్చేదాకా బండిని కదిలించవద్దని, వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీయకూడదని చెప్పి ఫోను పెట్టేశాను.