తెగ ఆడుకుంటుందే!

లాబ్రడార్‌ను పెంచుతున్న ఇంటికి వచ్చి, గంటసేపు సోఫాలో కూర్చుని, దాని తల రెండుసార్లు నిమిరి, "అబ్బ, ఎంత సరదా కుక్కండీ, తెగ ఆడుకుంటుందే!" అని పలికి వెళ్ళిపోయే అతిథుల మీద నాకు వ్యక్తిగతంగా ఎలాంటి ద్వేషమూ లేదు. నా అభ్యంతరమల్లా ఆ వాక్యంలోని క్రియ మీదనే. ఆట అన్నాక దానికి మొదలూ చివరా ఉంటాయి. పిల్లలు ఆడుకుంటారు, అలసిపోతారు, నిద్రపోతారు. లాబ్రడార్ చేసేది ఆట కాదు, ఉద్యోగం. ఆ ఉద్యోగానికి ఆదివారం లేదు, పదవీ విరమణ పదేళ్ళ దాకా లేదు, పైపెచ్చు సహాయకుడిగా మన నియామకం మనల్ని అడగకుండానే జరిగిపోయి ఉంటుంది.

ఉద్యోగమన్నది చమత్కారానికి అన్న మాట కాదు. పేరు కెనడాలోని లాబ్రడార్ ప్రాంతానిదే అయినా ఈ జాతి పూర్వీకులది దాని పక్కనున్న న్యూఫౌండ్‌లాండ్ దీవి. అక్కడి చన్నీళ్ళలో జాలరుల వెంట తిరుగుతూ, జారిపోయిన చేపలను నోట కరుచుకుని తెచ్చిన కుక్కలను పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటన్ ప్రభువులు ఓడల మీద తెప్పించుకుని, వేటలో నేలకూలిన పిట్టలను నలగకుండా తెచ్చిచ్చే పనికి తీర్చిదిద్దారు. 1903లో కుక్కల జాతులను నమోదు చేసే బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ వారి ఆదరణ గల జాతుల జాబితాలోనైతే 1991 నుంచి 2021 దాకా, 31 ఏళ్ళు, మొదటి స్థానం దీనిదే. 2022లో గాని ఫ్రెంచ్ బుల్‌డాగ్ దాన్ని దించలేకపోయింది. ఇంతటి అనుభవం గల ఉద్యోగిని తెచ్చి బాల్కనీలో కట్టేసి, ఇక్కడ చేపలూ లేవు, పిట్టలూ లేవు, కుదురుగా కూర్చోమంటే అది కూర్చోదు. ఉన్న సరకుతోనే పని నడిపిస్తుంది. మన ఇళ్ళలో సమృద్ధిగా దొరికే సరకు సాక్సులు.

సాక్సుల విషయం కొంత విపులంగా చెప్పవలసి ఉంది, పాఠకులు మన్నించాలి. ఒక సాయంత్రం మా ఇంటి లాబ్రడార్, అదే మావాడి, పెదవుల చివర బూడిద రంగు కొస ఒకటి వేలాడుతుండగా చూసి, నేను కేక వేసి వెంటపడ్డాను. తెలివైనవాడు ఆ పని చేయడు. యజమాని వెంటపడిన వస్తువు అమూల్యమైనదనీ, అమూల్యమైన దాన్ని దాచుకోవడానికి కడుపును మించిన చోటు లేదనీ లాబ్రడార్ల ధర్మశాస్త్రం చెబుతుంది. ఒక్క గుటక పడింది, కొస మాయమైంది. అరగంటలో పశువైద్యుడి బల్ల ముందు నిలబడ్డాం. ఆయన వాంతి చేయించే ఇంజెక్షన్ ఇచ్చి, కొద్ది నిమిషాలు ఆగమన్నారు. ఆ కొద్ది నిమిషాలూ మేం ముగ్గురం, అంటే డాక్టరు గారు, నేను, చేతిలో బకెట్టుతో సహాయకుడు, ముహూర్తం కోసం ఎదురుచూస్తున్న పెళ్ళిపెద్దల్లా మాటల్లేకుండా నిలబడ్డాం. మావాడు ముందు ముఖం వేలాడేశాడు, తరువాత చొంగ కార్చాడు, ఆ తరువాత వీపు విల్లులా వంచి సాక్సును బయటపెట్టాడు. ఎక్కడా చిరగలేదు, పైనున్న సాగే పట్టీ కూడా చెక్కుచెదరలేదు. దాని వెనకాలే, వారం కిందట కనిపించకుండా పోయి, ఎవరు పారేశారన్న వివాదంతో మా ఇంట్లో రెండు రోజుల పాటు మాటలు ఆగిపోవడానికి కారణమైన, ఇంకో సాక్సు కూడా వచ్చింది.

నిజానికి చెప్పదలచింది ఆ తరువాతి సంగతి. బకెట్టు పక్కన నేల మీద పడి ఉన్న ఆ రెండింటినీ మావాడు ఒక్క క్షణం చూశాడు. జాతరలో తప్పిపోయిన తమ్ముళ్ళు ఇన్నాళ్ళకు కనబడితే అన్నగారి ముఖం ఎలా వెలుగుతుందో అలా వెలిగింది వాడి ముఖం. తోక ఊగింది. కుక్కతోక వంకర అని చెప్పిన పెద్దలు ఈ తోకను చూసి ఉండరు. ఇది మొదట్లో లావుగా, చివరికి సన్నగా, నిటారుగా ఉంటుంది, దీన్ని నీటికుక్క (ఆటర్) తోకతో పోలుస్తారు, బల్ల ఎత్తున ఊగుతుంది. ఆ ఊపుకు పక్కనున్న ట్రే కింద పడింది, దూది ఎగిరింది, ఆ సందట్లో వాడు రెండు సాక్సులనూ మళ్ళీ మింగడానికి ఉరికాడు. ఈ జాతితో చాలాకాలంగా వేగుతున్న డాక్టరు గారు అప్పటికే వాటి మీద కాలు వేసి ఉంచారు కాబట్టి సరిపోయింది. పేగుల్లోకి దిగి అడ్డుపడి ఉంటే పొట్ట కోయవలసి వచ్చేదని ఆయన చెబుతున్నంతసేపూ మావాడు ఆయన బూటు కిందికే చూస్తున్నాడు.

వాడి ఆకలినీ ఒట్టి కక్కుర్తి అని కొట్టిపారేయడానికి వీల్లేదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2016లో తేల్చిన ప్రకారం, లాబ్రడార్లలో సుమారు నాలుగో వంతు కుక్కలకు పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క ఊడిపోయి ఉంటుంది. అలాంటి వాటికి భోజనానికీ భోజనానికీ మధ్య ఆకలి ఎక్కువనీ, ఊరికే ఉన్నప్పుడు ఒంట్లో శక్తి తక్కువగా ఖర్చవుతుందనీ 2024లో మళ్ళీ తేల్చారు. పరీక్ష కోసం చిల్లులున్న పారదర్శకపు డబ్బాలో సాసేజి పెట్టి ఎదురుగా ఉంచారట. పాపం! ఆ ఆకలి చూపులకు కరిగి మన అతిథి బల్ల కిందుగా పెట్టే ముక్కలన్నీ కొవ్వుగా మారి, అసలే తుంటి, మోచేతి కీళ్ళ జబ్బులకు పేరుపడిన జాతి మీదకు చేరతాయి. అతిథి మాత్రం దాన్ని చూసి "బొద్దుగా ముద్దుగా ఉంది" అంటారు. రాలే బొచ్చు గురించి నేనేమీ రాయను. ఈ వ్యాసం రాస్తున్న నా చొక్కాయే దానికి సాక్ష్యం.

ఆ అతిథే ముచ్చటపడి నెల తిరగకుండా ఒక లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నారు. పాలపళ్ళు 28 ఊడి 42 పళ్ళు వచ్చేదాకా కుర్చీ కాళ్ళు దక్కవనీ, ఒళ్ళు ఏడాదికే 30 కిలోలకు చేరినా బుద్ధి ఎదగడానికి రెండేళ్ళయినా పడుతుందనీ నేను చెప్పబోతే, "మీరు మరీనండీ" అని నవ్వారు. పిల్లకు పదకొండు నెలలు వచ్చేసరికి ఫోను చేశారు. "అల్లరి భరించలేకపోతున్నామండీ. ఎవరైనా మంచి ఇల్లు ఉంటే చూసిపెడతారా?" రోజూ ఎంతసేపు నడిపిస్తున్నారని అడిగాను. "నడకెందుకండీ, మేడ మీద వదిలేస్తున్నాంగా" అన్నారు.

మంచి ఇల్లట! మరి ఇన్నాళ్ళూ అది ఉన్నది ఎలాంటి ఇల్లు? పిల్లగా ఉన్నప్పుడు ఫొటోలకు పనికొచ్చింది, మీ పిల్లల పుట్టినరోజుకు రిబ్బను కట్టించుకుని ఒళ్ళో కూర్చుంది. ఇప్పుడు కాళ్ళు పొడుగై, పరుగెత్తడానికి చోటు లేక, చేయడానికి పని లేక, రోజంతా మేడ మీద గోడకేసి చూసి, సాయంత్రం మీరు కనబడగానే ఆనందం పట్టలేక మీద పడితే అది అల్లరా? దానికి ఏం నేర్పారు మీరు? కన్నతల్లికి ప్రతి ఎదకూ కాన్పు చేయించి, ఎనిమిది వారాలైనా నిండకముందే పిల్లలను పాల నుంచి లాగి అమ్ముకునేవాడు ఒకడు, తలిదండ్రుల తుంటి ఎక్స్‌రే ఏదని కూడా అడగకుండా రంగు చూసి కొనుక్కునేవారు మీరు, ఇద్దరూ కలిసి చేసిన పాపానికి శిక్ష దానికా? మీ ఇంట్లో మిమ్మల్ని చూసి ఇంతగా సంతోషించే ప్రాణి ఇంకొకటి ఉందా?

ఇవేవీ ఫోనులో అనలేకపోయాను. ప్రకటన రాసిపెట్టమంటే మాత్రం రాసి ఇచ్చాను. "యజమాని, మధ్య వయస్కుడు, ఒకడు ఉన్నాడు. ఆరోగ్యవంతుడు, కరవడు. నడక అలవాటు లేదు, చెప్పిన మాట మీద నిలబడడు. ఇతరుల కుక్కలతో గంటసేపు బాగా ఆడుకుంటాడు. మంచి కుక్కకు ఉచితంగా ఇవ్వబడును." దాన్ని వారు వేయించలేదు. వేయించి ఉంటే, అది చూసి అందరికంటే ముందు తోక ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చేది ఆ మేడ మీది కుక్కే.