వైఫై రాలేదని లినక్స్ మళ్లీ ఎక్కించకండి

లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో వైఫై కనబడకపోతే సిస్టం మొత్తం మళ్లీ ఎక్కించమని ఒక వ్యాసంలో రాశారు. దయచేసి ఆ పని చెయ్యకండి. ముందు టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే కిటికీ) ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ (rfkill list) కొట్టండి. సాఫ్ట్ బ్లాక్‌డ్ (సాఫ్ట్‌వేర్ ఆపేసింది) ఎదురుగా యెస్ ఉంటే ‘ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై’తో (rfkill unblock wifi) ఆ అడ్డు పోతుంది. హార్డ్ బ్లాక్‌డ్ (మీటతో ఆగిపోయింది) అయితే ఆ కమాండ్ పనిచెయ్యదు. ల్యాప్‌టాప్ పక్కనున్న స్విచ్చో, ఎఫ్‌ఎన్ మీటో చూసుకోవాలి.

అక్కడ తేడా లేకపోతే ‘ఎల్‌ఎస్‌పీసీఐ’కి హైఫన్ ఎన్‌ఎన్‌కే తగిలించి (lspci -nnk) కొట్టి, నెట్‌వర్క్ కంట్రోలర్ కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ వరుస ఉందేమో చూడండి. ఆ వరుస లేదంటే డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) పట్టలేదన్నమాట. బ్రాడ్‌కామ్ బీసీఎం 43142 వైఫై కార్డుతో తరచూ వచ్చే చిక్కు ఇదే. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి ఇవ్వడం) ఆన్ చేస్తే నెట్ వస్తుంది, దాంతో ఆ కార్డు డ్రైవరైన బీసీఎండబ్ల్యూఎల్ కెర్నల్ సోర్స్ (bcmwl-kernel-source) ప్యాకేజీ వేసుకోండి. అసలు మెలిక సెక్యూర్ బూట్ (సంతకం లేని డ్రైవర్లని అడ్డుకునే రక్షణ) ఆన్‌లో ఉన్న దగ్గర. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు పెట్టుకున్న పాస్‌వర్డ్ గుర్తుంచుకుని, రీస్టార్ట్‌లో వచ్చే నీలం తెర మీద ‘ఎన్‌రోల్ ఎంఓకే’ (Enroll MOK, డ్రైవర్ సంతకం తాళంచెవిని నమోదు చెయ్యడం) ఎంచుకోవాలి. ఆ తెర కొన్ని సెకన్లే ఆగుతుంది. దాటిపోతే మాడ్యూల్ (ఆ డ్రైవరే) లోడవదు. కెర్నల్ (లినక్స్‌కి మూలమైన ప్రోగ్రాం) అప్‌డేట్ తర్వాత వైఫై మళ్లీ పోయిందా, కొత్త కెర్నల్ హెడర్లు (డ్రైవర్ తయారీకి కావలసిన ఫైళ్లు) ఉన్నాయో లేదో చూడండి. అవి లేకపోతే, కొత్త కెర్నల్‌కి డ్రైవర్‌ని తిరిగి కట్టే డీకేఎంఎస్ అనే పనిముట్టు మాడ్యూల్ని తయారుచెయ్యలేదు.

ఎల్‌ఎస్‌పీసీఐ జాబితాలో వైఫై కార్డే కనబడకపోతే ల్యాప్‌టాప్ వెనక మూత తియ్యాలి. మన శ్రీకాకుళం తీరంలో బారువ, కళింగపట్నం వైపు ఉప్పుగాలి చెమ్మకి కార్డు అంచున మురికి పేరుకుంటుంది. బ్యాటరీ కనెక్టర్ పీకి, స్క్రూ తీసి, కార్డు అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడవండి. కార్డుకి తగిలించి ఉన్న యాంటెన్నా వైర్లని గోటితో నిటారుగా పైకే లేపండి, పక్కకి లాగితే వైరు చివరున్న ఆ బుల్లి గుండీ విరుగుతుంది.