ఎవరి టైమ్ ఎవరు ఖర్చు పెడుతున్నారు?

బెంగళూరులోని మన తెలుగు సంఘం ఉగాది కార్యక్రమానికి చేతిసాయం కావాలని ఫోన్ చేస్తే ఎక్కువ మంది చెప్పే జవాబు ఒకటే: "రావాలనే ఉందండీ, టైమే దొరకడం లేదు." తప్పించుకోవడానికి అలా అంటున్నారని నేననుకోను. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే తెలుగు కుటుంబాలకు నిజంగానే టైమ్ లేదు. అయితే ఆ టైమ్ ఎటు పోతోంది, ఎవరి గంటలు ఎవరు వాడుకుంటున్నారు అన్న లెక్క మన ఇళ్లలో తీయడం లేదు. ఆ లెక్క తీయాలన్నదే నా మాట. ఒక్కరే కూర్చుని తీస్తే చాలదు, ఇంటిల్లిపాదీ కూర్చోవాలి.

మన చేతిలో లేనిది ముందు పక్కన పెడదాం. మారతహళ్లిలో ఉంటూ ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్లొచ్చేవాళ్లకు సిల్క్ బోర్డ్ కూడలి ట్రాఫిక్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 2022లో నగరం నడిబొడ్డున 10 కిలోమీటర్లు కారులో వెళ్లడానికి సగటున 29 నిమిషాలు పట్టిందని, ట్రాఫిక్ లెక్కలు తీసే టామ్‌టామ్ సంస్థ లెక్కగట్టింది. వాళ్లు చూసిన నగరాల్లో లండన్ తర్వాత అంత నెమ్మది మనదే. ఇంటికి చేరాక అమెరికా వాళ్లతో రాత్రి కాల్స్ ఉంటాయి. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నప్పుడు దేశమంతా వాదించుకుంది. ఆ వాదనలో నాకు వెలితిగా తోచింది ఒకటుంది. ఒక మనిషి ఆఫీసుకు 70 గంటలు ఇవ్వాలంటే, వంట చేసి, పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించి, జ్వరమొస్తే రాత్రంతా కూర్చునే ఇంకో మనిషి ఇంట్లో ఉండాలి. ఆ రెండో మనిషి గంటల ఊసు చాలా తక్కువగా వినిపించింది.

కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో ఈ సంగతి అంకెల్లో ఉంది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. అసలు ఆ పనికి చెయ్యి కలిపే మగవాళ్లే తక్కువ. ఆదివారం తెల్లవారుజామున సైకిల్ మీద నంది హిల్స్ వెళ్లాలని భర్త నిర్ణయించుకుంటే మంచిదే, ఆరోగ్యం. ఆ పూట పిల్లలకు పాలూ టిఫినూ ఎవరు చూస్తారన్నది కూడా అదే నిర్ణయంలో భాగం కావాలి. భార్యకు అలాంటి తెల్లవారుజాము వారంలో ఒకటైనా ఉందా? ఉంటే ఆ ఇంట్లో ఇద్దరూ తమ టైమ్‌ను తామే ఎంచుకుంటున్నట్టు. లేకపోతే ఒకరే ఎంచుకుంటున్నారు, రెండో వాళ్లు సర్దుకుంటున్నారు.

నన్ను ఇంతకన్నా కలవరపెట్టేది అమ్మానాన్నల విషయం. పాప పుట్టగానే తెనాలి నుంచో అనకాపల్లి నుంచో ప్రొద్దుటూరు నుంచో అమ్మ వస్తుంది. ఆర్నెల్లయ్యాక అత్తగారు వస్తారు. తరవాత మళ్లీ అమ్మ. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సాయంత్రం స్కూలు బస్సుల కోసం నిలబడే పెద్దవాళ్లను చూడండి. తెలుగు మాటలు ఎటు చూసినా వినిపిస్తాయి. పొలం చూసుకోవడానికి నాన్న ఊళ్లో ఒంటరిగా, మనవణ్ణి చూసుకోవడానికి అమ్మ ఇక్కడ. కొడుకు బెంగళూరులో, కూతురు హైదరాబాదులో ఉంటే ఆయన ఒకచోట, ఆవిడ ఒకచోట. నలభై ఏళ్లు కలిసి బతికిన దంపతులు, తీరా తీరిక దొరికే వయసులో, ఫోన్లో "మందులేసుకున్నావా" అని ఒకరినొకరు అడుగుతున్నారు.

"మనవడి కోసమే కదా, సంతోషంగానే ఉన్నారు" అంటాం. ఆ సంతోషం నిజమే, కాదనను. కానీ వాళ్లను ఎవరైనా అడిగారా? ఎన్నాళ్లుంటావమ్మా, రోజులో ఏ వేళ నీకు విడిచిపెట్టాలి, సాయంత్రం గుడికి వెళ్లాలనుందా, శ్రావణ మాసంలో ఊరెళ్లాలనుందా అని? అడగకపోతే వాళ్లు చెప్పరు. కన్నపిల్లల దగ్గర కూడా మొహమాటపడే తరం అది. మన క్యాలెండర్‌లో మీటింగులకు గడులుంటాయి, అమ్మ సాయంత్రానికి గడి ఉండదు. డెబ్బై ఏళ్ల మనిషికి మిగిలిన టైమ్ మనకన్నా తక్కువ. దాన్ని ముందు అడిగి వాడుకోవలసింది పోయి, చివరికి కూడా అడగకుండా వాడుకుంటున్నాం. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఇక రాత్రి పిల్లలు పడుకున్నాక మిగిలే ఆ గంటా గంటన్నర. దాని కోసం మనకంటే ముందే ఆలోచించి పెట్టుకున్నవాళ్లున్నారు. వేలితో తోసేకొద్దీ అంతం లేకుండా వచ్చే తెర పద్ధతిని 2006లో అజా రస్కిన్ అనే డిజైనర్ తయారుచేశాడు, తర్వాత దాని గురించి ఆయనే బహిరంగంగా బాధపడ్డాడు. తమ పోటీ నిద్రతోనే అని నెట్‌ఫ్లిక్స్ అప్పటి అధిపతి రీడ్ హేస్టింగ్స్ 2017లో చెప్పారు. అవతల అంత పట్టుదలగా ప్లాన్ చేసేవాళ్లు ఉన్నప్పుడు, ఇవతల ఏ ప్లానూ లేని ఇంటి రాత్రి వాళ్లదే అవుతుంది. సినిమా చూడొద్దని నేననను. శుక్రవారం రాత్రి అందరం కలిసి ఫలానా సినిమా చూద్దామని ముందే అనుకుని చూసినదానికీ, చేతిలో ఫోన్ ఉంది కాబట్టి చూస్తూ పోయినదానికీ చాలా తేడా ఉంది.

మెట్రో విషయం చూడండి. 2023 అక్టోబరులో పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా పూర్తయింది. 2025 ఆగస్టులో ఆర్.వి. రోడ్ నుంచి బొమ్మసంద్రకు ఎల్లో లైన్ వచ్చింది. మనవాళ్లలో కొందరికి దీనివల్ల రోజూ కొంత టైమ్ మిగులుతోంది. మరి అది ఇంట్లో కనిపిస్తోందా? చాలా ఇళ్లలో ఇంకో కాల్ దాన్ని మింగేసింది. రైలు మొదలైన మొదటి వారంలోనే "ఈ అరగంట వంటింటిది" అనో "పాపకు తెలుగు చదివి వినిపించడానికి" అనో పేరు పెట్టుకున్నవాళ్లకే అది దక్కింది. కబ్బన్ పార్కులో శనివారం పొద్దున చాపలేసుకుని, మాటా పలుకూ లేకుండా పుస్తకాలు చదువుకునేవాళ్లను చూసే ఉంటారు. ఆ కుర్రాళ్లకేమీ మనకన్నా ఎక్కువ టైమ్ లేదు. వాళ్లవీ ఇవే ఉద్యోగాలు, ఇదే ట్రాఫిక్. ఆ పొద్దుటికి వాళ్లు ముందే పేరు పెట్టుకున్నారు, అంతే.

నేను చెప్పేది కష్టమైన పనేం కాదు. ఆదివారం సాయంత్రం టీ తాగుతూ, ఫోన్లు పక్కనపెట్టి, ఇంట్లో అందరూ ఓ పావుగంట కూర్చోండి. ముందు పెద్దవాళ్లు చెప్పాలి, తర్వాత పిల్లలు, చివరికి ఉద్యోగాలు చేసేవాళ్లు. ఈ వరస ముఖ్యం, ఎందుకంటే మనం ముందు మాట్లాడితే వాళ్లు మన ఆఫీసును బట్టి కోరికలు కుదించుకుంటారు. శనాదివారాలు చెస్, స్విమ్మింగ్, కోడింగ్ అని తిరిగే పిల్లలు ఒక క్లాసు మానేస్తామంటే వినండి. గృహప్రవేశాలకూ పుట్టినరోజులకూ పిలుపులు వస్తాయి, అన్నిటికీ వెళ్లలేం. వెళ్లకపోతే ఏమనుకుంటారో అని వెళ్లే చోట్లకు "ఈసారి రాలేమండీ" అని మర్యాదగా చెప్పేయొచ్చు. మడివాళ నుంచి శుక్రవారం రాత్రి సొంతూరి బస్సెక్కి సోమవారం తెల్లారేసరికి తిరిగొచ్చేవాళ్లను చూసి "ఎందుకంత శ్రమ" అని కొందరంటారు. నాన్న ఒక్కడే ఉన్న ఇంట్లో రెండు పూటలు గడపడానికి పెట్టిన ఆ రాత్రుల్లో నాకైతే వృథా ఏమీ కనిపించదు.

మన సంఘానికీ ఒక మాట. ఆహ్వానంలో సాయంత్రం ఆరు గంటలకు అని వేసి, ముఖ్య అతిథి రాలేదని ఏడున్నరకు మొదలుపెడుతున్నాం. అప్పటిదాకా పట్టుచీరల్లో పంచెల్లో కూర్చున్న రెండొందల మంది గంటన్నర చొప్పున ఇచ్చుకుంటున్నారు, వాళ్లను అడిగినవాళ్లు లేరు. వేషాలు వేసుకున్న చిన్నపిల్లలు తెర వెనక నిద్రపోతున్నారు. వచ్చే కార్యవర్గ సమావేశంలో నేనొక తీర్మానం పెడుతున్నాను: వేసిన టైమ్‌కే ప్రార్థన గీతం మొదలవ్వాలి, పిల్లల కార్యక్రమాలు ముందు జరగాలి, సన్మానాలు ఆ తర్వాత, భోజనాలు ఎనిమిదింటికి. అతిథి వచ్చినా రాకపోయినా ఇదే వరస. దయచేసి బలపరచండి.