పోర్టికోలో పవర్‌హౌస్

కోనసీమలో ఇంటి స్తోమతను మొన్నటిదాకా కొబ్బరి తోటను బట్టీ, నిన్నటిదాకా రొయ్యల చెరువును బట్టీ అంచనా వేసేవాళ్లం. ఇకమీదట కరెంటు పోయిన రాత్రి ఎవరి పోర్టికోలో కారు గుర్రుమంటోందో చూసి అంచనా వేయాలని నా ప్రతిపాదన. పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు కూడా గమనించగలరు. పెట్రోలింజనుతోపాటు పెద్ద బ్యాటరీ కూడా ఉండే హైబ్రిడ్ కారు అబ్బాయికుందంటే, దాంతో ఇంట్లో ఫ్యాన్లూ తిప్పుకోవచ్చు గనక, సొంత విద్యుత్ కేంద్రం ఉన్నట్టే.

పాతికవేలు పెడితే ఇన్వర్టరు వస్తుంది కదా, 75 వాట్ల ఫ్యాను తిరగడానికి ఇరవై లక్షల బండెందుకని గిట్టనివాళ్లు అడుగుతారు. ఇన్వర్టరు మెట్ల కింద పడి ఉంటుందండీ, చుట్టాలకు కనబడదు. పైగా తుపానంటే గంటా రెండు గంటల కోత కాదు. 1996 నవంబరులో కొబ్బరి చెట్లతోపాటు స్తంభాలూ నేలకొరిగినప్పుడు ఇక్కడున్నవాళ్లను అడగండి. అలాంటప్పుడు ఇన్వర్టరు మొదటి రాత్రికే చేతులెత్తేస్తుంది. కారు మాత్రం ట్యాంకులో పెట్రోలున్నంతవరకూ ఎత్తదు.

పద్ధతి చాలా సులువు. బండిలో ఓ మూల 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. దానికి క్లిప్పులు తగిలించి, ఆ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే చిన్న ఇన్వర్టరు పెట్టి, కిటికీలోంచి ఇంట్లోకి వైరు లాగుతారు. బండిని ‘రెడీ’లో వదిలేస్తే లోపలి పెద్ద బ్యాటరీ చిన్నదాన్ని నింపుతూ ఉంటుంది. పెద్దది నీరసించగానే ఇంజను దానంతటదే లేచి, దాన్ని నింపి, మళ్లీ పడుకుంటుంది. మా వీధిలో ఇది మొదటిసారి జరిగిన రాత్రి ఆ ఇంటి మామ్మగారు అరుగు మీద నుంచి “ఒరేయ్, బండెవడో ఎత్తుకుపోతున్నాడ్రా!” అని ఒకటే కేకలు. అప్పటికే సగం వీధి ఫోన్లు ఎక్స్‌టెన్షన్ బాక్సు చుట్టూ చేరాయి. ఎవరి ఛార్జరు పీకి ఎవరిది పెట్టారన్న పంచాయితీ నడుస్తోంది. ఆవిడ గోడు ఎవరికి పట్టింది?

లెక్కలడిగి పరువు తీయకండి. మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్ కారు పెద్ద బ్యాటరీ మొత్తం 0.76 యూనిట్లు. అంతా వాడనిచ్చినా నాలుగు ఫ్యాన్లు రెండున్నర గంటలు తిరుగుతాయి, ఆపైన పెట్రోలే. లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. అందులో ఓ రెండు మన ప్లగ్గు దాకా వస్తే అదృష్టం. అంటే యూనిట్ యాభై రూపాయల పైమాటే. బిల్లు పది రూపాయలు పెరిగితే ధర్నాకు వెళ్లే మనం దీన్ని నవ్వుతూ కడతాం, ఎందుకంటే ఇది మన సొంత కరెంటు. ఏసీ, నీళ్ల మోటారు వేయబోయేవారు మాత్రం ఆగాలి. ఆ చిన్న ఇన్వర్టరు కుయ్‌మని అరిచి ఊరుకుంటుంది.

జపాన్‌వాళ్లు టయోటా ఎస్టిమా హైబ్రిడ్ వ్యానులో 2001లోనే 1500 వాట్ల ప్లగ్గు పెట్టేశారు. వాళ్లకు భూకంపాలుంటే మనకు లేవా ఈదురుగాలులు? అయినా మనకు ప్లగ్గెందుకు, కాళ్ల కిందే గ్యాసుంటే! 1995లో పాసర్లపూడి గ్యాసు బావి 65 రోజులు మండింది. కోనసీమకు అంతరాయం లేకుండా వెలుగు అందింది బహుశా అప్పుడే. ఆ గ్యాసు గొట్టాల్లో పడి మన చేల కిందుగా ఎక్కడెక్కడికో వెళ్తుంది. మనం పైన కూర్చుని విసనకర్ర ఊపుకుంటూ దానికి వీడ్కోలు చెబుతాం.

ఇంకో రకం మేధావులున్నారు. రెండువైపులా పిన్ టాప్ బిగించిన వైరుతో కారు కరెంటును నేరుగా గోడ ప్లగ్గులోకే ఎక్కిస్తారు. మెయిన్ దించడం మరిచారో, ఆ కరెంటు వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి నడిచి పదకొండు వేల వోల్టులై స్తంభం మీదున్న లైన్‌మ్యాన్‌ను పలకరిస్తుంది. వీధి కరెంటూ సొంత కరెంటూ కలవకుండా చూసే చేంజోవర్ స్విచ్ ఏదని అడిగితే “దండగ ఖర్చండీ” అంటారు. ఇరవై లక్షలు పెట్టినాయన! వర్షానికి బండి తడుస్తుందని షట్టరు దించిన గ్యారేజీలో ఇంజను నడిపే జాగ్రత్తపరులూ ఉన్నారు. ఆ పొగకు ఇల్లంతా నిద్రలోనే పోతుంది.

ఇన్ని చిక్కులూ దాటి, మూడో రోజు ట్యాంకు అడుగంటాక మా వీధి విద్యుదుత్పత్తిదారు బండేసుకుని బంకుకెళ్లాడు. బంకులోనూ కరెంటు లేదు, జనరేటరు చెడిపోయింది. కుర్రాడు బానెట్ వైపు ఆశగా చూసి అడిగాడట: “ఆయ్, మీది హైబ్రిడ్డేనాండీ? మా పంపుకి ఓ వైరిస్తారేంటండీ?”